మూత తీసే ముందు మామయ్య బయటికి

కొంటా,
శుక్రవారం.

చిరంజీవి సౌభాగ్యవతి కిరణ్మయిని మేనత్త వరమ్మ చల్లగా ఉండమని దీవించి రాస్తున్నది.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అక్కడ కిరండూల్ కొండల మీద నువ్వూ, అల్లుడు భానుప్రసాదూ బాగున్నారని తలుస్తాను.

నువ్వు పంపిన మల్టీకుక్కర్‌ని కండక్టర్ లచ్చు బస్సు దింపి, భుజాన మోసుకొచ్చి ఇచ్చాడు. కొత్తకోడల్ని దింపినంత భద్రంగా దింపాడులే. తెల్లగా, గుండ్రంగా, నున్నగా ఉంది. దాని మొహాన అన్నం, ఇడ్లీ, పెరుగు, కేకు అని బొమ్మలు. బటన్ నొక్కితే కుయ్ అంటుంది. కలపక్కర్లేదు, కాపలా కాయక్కర్లేదు. ఇన్నేళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని, మొదటి రోజు ఏం చేయాలో తోచక దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంది అనుకుంటావేమో. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ మామయ్య చొక్కా జేబులో ఉంటుంది. ఆయన సంగతి ఆయన జేబులోకి ఎట్లా చెప్పను? లచ్చు బస్సు ఎట్లాగూ మీ ఊరు వస్తుంది కదా అని కాగితం పట్టుకున్నాను.

దుకాణం మూసిన దగ్గర్నుంచీ మామయ్య గడప దాటలేదే. అన్నేళ్ళు గల్లా ముందు కూర్చుని చింతపండూ, కరక్కాయలూ, ఇప్పపూలూ కొన్న మనిషి, ఇప్పుడు నడింట్లో మంచం మీద కూర్చుని తిరిగే ఫ్యాన్‌ని చూస్తున్నారు. కరెంటు పోతే ఆగిన ఫ్యాన్‌ని చూస్తారు. మాట కలిపితే ‘ఊ’ అంటారు. నాకు దిగులుగా ఉంది.

సరే, కుక్కర్ సంగతి. డబ్బాలో ఒక కాగితం ఉంది. తెలుగు లేదు, ఇంగ్లీషు నాకు రాదు, హిందీని కూడబలుక్కుని చదివాను. ‘ఢక్కన్ ఖోల్‌నే సే పహలే బాప్ కో బాహర్ నికల్‌నే దే’ అని ఉంది. అంటే మూత తీసే ముందు తండ్రిని బయటికి పోనివ్వాలట! ఎందుకో మరి, కంపెనీవాళ్ళు ఊరికే రాయరు కదా. మన ఇంట్లో బాప్ అంటే ఒక్కరే. కొడుకు ఉమామహేశ్ జగదల్‌పూర్‌లో ఉన్నంత మాత్రాన ఈయన బాప్ కాకుండా పోతారా?

ఇడ్లీ అయిందని కుయ్ మనగానే, “ఏమండీ, కాసేపు బయట కూర్చోండి. మూత తీయాలి” అన్నాను. “ఏంది?” అన్నారు. కాగితం చూపించాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. లేచి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. అప్పుడు మూత తీశాను. ఇడ్లీలు ఎంత మెత్తగా వచ్చాయో, పళ్ళు లేనివాళ్ళు కూడా నాలుగు తింటారు.

ఇట్లు,
నీ అత్తయ్య వరమ్మ.

తా.క.: కాగితంలో ‘పూరీ తరహ్ నికల్ జాయే’ అని కూడా ఉంది. అరుగు మీద కూర్చుంటే పూర్తిగా పోయినట్టు కాదేమో. రేపటి నుంచి సందు చివరికి పంపుతాను.


కిరండూల్,
ఆదివారం.

పూజ్యులైన అత్తయ్యకు మీ మేనకోడలు కిరణ్మయి నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. అయ్యో అత్తయ్యా, అది బాప్ కాదు, భాప్! భాప్ అంటే హిందీలో ఆవిరి. మూత తీసే ముందు ఆవిరిని పోనివ్వమని రాశారు, అంతే. మామయ్యని పొమ్మనలేదు. అక్కడున్నది ఒత్తు ‘భ’, చూడండి. దాన్ని ఒత్తి పలకాలి.

మామయ్యని తలుచుకుంటే నా మనసేం బాగాలేదు. చిన్నప్పుడు సెలవులకి కొంటా వస్తే గల్లా పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, బెల్లం గడ్డ పగలగొట్టినప్పుడల్లా మొదటి ముక్క నా చేతిలో పెట్టేవారు. ఇప్పుడు దుకాణం పోయిందని అసలే ముడుచుకుపోయి ఉన్నారు. ఇంట్లోంచి కూడా లేచి పొమ్మంటే ఇంక ఆయనకంటూ ఏం మిగిలింది? మీకు కాస్త కాలక్షేపంగా ఉంటుందని పంపాను గానీ, ఆయన్ని బాధపెట్టడానికి కాదు. ఆయన చిన్నబుచ్చుకున్నారంటే నాకు ముద్ద దిగదు. ఈ ఉత్తరం అందగానే లోపలికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని మూత తీయండి.

ఇక్కడ పొద్దున్నే మంచు కొండ దిగి మా వంటింటి కిటికీ దాకా వస్తుంది. ఇనుపరాయి నింపుకుని విశాఖపట్నం పోయే రైలు ఆ మంచులోకి పోయి మాయమవుతుంది, చప్పుడు మాత్రం చాలాసేపు మిగులుతుంది. నేను కుక్కర్‌లో కేకు పెట్టి కిటికీ దగ్గర నిలబడతాను. వాసన మొదలయ్యేసరికి నేను ఇంట్లో ఉన్నానో, ఆ రైల్లో ఉన్నానో మర్చిపోతాను. మీరూ ఒకసారి కేకు చేయండి. గిన్నెకి నెయ్యి రాయాలి. అడుగు ఎర్రగా కాలుతుంది గానీ పైభాగం తెల్లగానే ఉంటుంది, కంగారుపడకండి. పళ్ళెంలో బోర్లిస్తే ఆ ఎరుపే పైకి వస్తుంది.

మీ కిరణ్మయి.

తా.క.: మీ ఉత్తరం వినిపిస్తే ఈయన ‘బాప్‌రే’ అన్నారు. అది మామయ్యని కాదు.


కొంటా,
గురువారం.

చిరంజీవి కిరణ్మయికి అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పిన తర్వాతే నా తప్పు తెలిసింది. ఒత్తి పలకమన్నావు. నిజమే, నేను మెల్లగా చెప్పడం వల్లనే మీ మామయ్య సందు చివర ఆగిపోయేవారు. ఈసారి ఒత్తి చెప్పాను. “బయటికి పోండి!” అని సందంతా వినపడేట్టు ఒత్తాను. తిన్నగా బస్టాండు దాకా పోయారు.

ఆవిరి సంగతి మొదట అర్థం కాలేదు. ఇంతలో సందు చివర గాలికి ఆయనకి జలుబు చేసింది. అంత దూరాన ఉండి నీకు ముందే ఎట్లా తెలిసిందే? కుక్కర్‌లో నీళ్ళు కాచాను. ఆయన్ని బయటికి పంపి మూత తీశాను, లోపలికి పిలిచి పసుపు వేసి దుప్పటి కప్పి ఆవిరి పట్టించాను. పట్టినంతసేపూ దుప్పటి అటూ ఇటూ కదిలింది. ఏడుస్తున్నారేమో అని భయపడ్డాను. దగ్గు అన్నారు.

బస్టాండులో లచ్చు చూసి, “ఏంది సేఠ్, ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టిన్రా?” అని అడిగాడట. “లేదురా, ఇంట్ల మూత తీస్తున్రు” అన్నారట ఈయన. లచ్చు ఆ మాట సుక్మా దాకా ప్రతి స్టాపులోనూ చెప్పుకుంటూ పోయాడట. పోనీలే, ఎవరి నోరు మూస్తాం, దాని మీద మూత లేదుగా.

వచ్చేటప్పుడు కరివేపాకు తెచ్చారు. నేను తెమ్మనలేదు. ఆ కట్ట చేతిలో పెట్టి, “దండకారణ్యం మొత్తంలో ఇంత లేతది దొరకదు” అన్నారు. ఎన్ని నెలలకి విన్నానో ఆ బేరగాడి మాట.

ఈ ఉత్తరాన్నీ, అల్లుడికి పంపే చింతకాయ పచ్చడినీ మామయ్యే బస్సుకి ఇచ్చి వస్తానంటున్నారు. ఎట్లాగూ మూత తీసే వేళ అయింది.

ఇట్లు,
అత్తయ్య.

తా.క.: మొన్న ఆయనే వంటింటి గుమ్మంలోకి వచ్చి, “ఇవాళ మూత ఎప్పుడు తీస్తావు?” అని అడిగారు. ఆకలేమో అనుకున్నాను. చూస్తే చెప్పులు వేసుకుని ఉన్నారు.


కిరండూల్,
శనివారం.

అత్తయ్యకు నమస్కారాలు.

ఒత్తి పలకమన్నది ‘భ’ని అత్తయ్యా, మామయ్యని కాదు!

ఇలా కాదని మామయ్యకే ఫోన్ చేశాను. “మామయ్యా, ఆ కాగితంలో ఉన్నది...” అని మొదలుపెట్టానో లేదో, “బయట ఉన్నానమ్మా, ఇంట్ల మూత తీస్తున్రు” అని పెట్టేశారు. గొంతులో కోపం లేదు గానీ, ఆయన కోపం వస్తే చూపించే మనిషి కాదు కదా. అదే నా భయం.

ఇప్పుడు నేను రాసేది నిదానంగా చదవండి. మూత మీద చిన్న సీటీ, అదే విజిల్, ఉంటుంది. వంట అయ్యాక ఆ సీటీని పక్కకి తిప్పండి. భాప్ దానికదే బయటికి పోతుంది. మీరు ఎవర్నీ పంపక్కర్లేదు. చేతికి వేడి తగలకుండా గుడ్డ పట్టుకోండి. చప్పుడు ఆగాక మూత తీయండి. ఇంతకంటే తేలిగ్గా చెప్పడం నాకు చేతకాదు.

మామయ్యకి నచ్చేది ఏదైనా చేసి పెట్టండి. నా మాటగా చెప్పండి, ఆ ఇల్లు ఆయనదేనని. నిన్న నా కలలోకి వచ్చారు. దుకాణం గల్లా తల మీద పెట్టుకుని మంచులో నడుచుకుంటూ పోతున్నారు. పిలిస్తే వెనక్కి తిరగలేదు. నిద్రలేచాక కూడా ఆ మంచు నా కళ్ళ ముందునుంచి పోలేదు.

మీ కిరణ్మయి.

తా.క.: ఈయన ఈ కథ గనిలో తోటివాళ్ళకి చెప్పారు. ఇప్పుడు మా కాలనీలో కుక్కర్ కూసిందంటే పిల్లలున్న మగవాళ్ళందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు.


కొంటా,
బుధవారం.

చిరంజీవి సౌభాగ్యవతి కిరణ్మయికి అత్తయ్య రాస్తున్నది.

నీ చదువు ఊరికే పోలేదే! నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. గుడ్డ పట్టుకుని సీటీని పక్కకి తిప్పాను. అది కుయ్యోమని కూసింది. ఆ కూత వినగానే మీ మామయ్య కండువా భుజాన వేసుకుని లేచి పోయారు. ఎవర్నీ పంపక్కర్లేదు, బాప్ దానికదే బయటికి పోతోంది. నాకు గొంతు చించుకునే బాధ తప్పింది.

ఇప్పుడు బస్టాండు కూడా ఆయనకి ఆనడం లేదు. శబరి ఒడ్డుకి పోతున్నారు. ఇన్నేళ్ళు ఏటి పక్కనే ఉండి, వరద వచ్చినప్పుడు సరుకు పైకెత్తడానికి తప్ప ఏటివైపు చూడలేదట. ఇప్పుడు వచ్చి చెబుతున్నారు, పొద్దున నీళ్ళు ఒక రంగు, ఎండెక్కాక ఒక రంగు అని. పడవ నడిపేవాడు పిలిస్తే ఎక్కి అవతలి ఒడ్డుకి పోయి, అక్కడ బండ మీద కూర్చుంటారట. ఏమీ చేయరట. చేపలు ఎగిరితే చూస్తారట.

మన దుకాణానికి ఇప్పపూలు తెచ్చే సోమి గుర్తుందా? ఆమె ఒడ్డున కనిపించి, “దుకాణం లేకుంటే ఏంది సేఠ్, నోరు ఉంది గద, తిను” అని గంపలోంచి దోసెడు పూలు ఆయన కండువాలో పోసిందట. ఆ పొద్దున చెట్ల కింద ఏరినవి. ఇల్లంతా తేనెవాసన. అన్నేళ్ళు ఆ పూలు తూచాం గానీ, ఒక్కటి నోట్లో వేసుకోలేదు, చూడు!

ఆ పూలు బాగుచేసి, నీడన ఆరబెట్టి, నానేసి, రవ్వలో బెల్లం, పెరుగు, చిటికెడు వంటసోడా కలిపి కేకు పెట్టాను. బటన్ నొక్కాక ఇల్లు నిశ్శబ్దం. సీటీ తిప్పాను, ఆయన వెళ్ళిపోయారు. ఆవిరి సన్నగా లేచి కిటికీలోంచి ఏటివైపు పోయింది. ఆ వాసన నీళ్ళు దాటి ఆయన దాకా పోతుందా అనుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నిలబడే నిద్రపోయానేమో. పెళ్ళయిన కొత్తలో ఆయన సంతకి పోతే ఇట్లాగే కిటికీ పట్టుకుని ఉండేదాన్ని. బోర్లించాక కేకు నువ్వన్నట్టే ఎర్రగా ఉంది.

మూత తీశానని అంత దూరాన ఆయనకి తెలియాలి కదా. డాబా మీద నా పసుపుచీర ఆరేస్తున్నాను. అది కనిపిస్తే తిరుగు పడవ ఎక్కుతారు.

ఇట్లు,
అత్తయ్య.

తా.క.: ఏటి అవతలి ఒడ్డు ఒడిశా. కాగితంలో ‘పూర్తిగా’ అన్నందుకు మనిషిని రాష్ట్రమే దాటించాను. ఇంక కంపెనీవాళ్ళు నన్నేమీ అనడానికి లేదు.


కిరండూల్,
శుక్రవారం.

అత్తయ్యా, నమస్కారం.

రాష్ట్రం దాటించేశారా! ఈ వయసులో, ఎండలో, పడవలో! కాలు జారితే? దుకాణం పోగొట్టుకున్న మనిషి ఒంటరిగా బండ మీద కూర్చుని చేపల్ని చూస్తున్నారంటే, అది బాగున్నట్టా? మీకు ఎలా చెబితే అర్థమవుతుందో నాకు తెలియడం లేదు.

వచ్చే ఆదివారం నేనే వస్తున్నాను. మామయ్య ముందు ఆ కాగితం పెట్టి, భాప్ అంటే ఏమిటో తేల్చి, కాళ్ళకి దణ్ణం పెట్టి, ఆ కుక్కర్‌ని నాతో వెనక్కి తెచ్చేసుకుంటాను. మీరు మళ్ళీ పొయ్యి మీదే వండుకోండి. ఆయన ఇంట్లోనే ఉంటారు.

కిరణ్మయి.

తా.క.: ఇప్పపూల కేకు ఒక ముక్క ఉంచండి. కోపం కోపమే, కేకు కేకే.


కొంటా,
మంగళవారం.

నా బంగారు కిరణ్మయికి అత్తయ్య బతిమాలి రాస్తున్నది.

రా తల్లీ, తప్పకుండా రా. కానీ ఆ ఒక్క మాట ఆయనతో అనకు. కుక్కర్‌ని కదిలించకు.

పిచ్చిదానా, కొంటాకి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి జ్వరమొస్తే గల్లా ముందు నేనే కూర్చున్నాను. సగం గిరాకీలతో హిందీలోనే బేరమాడాను. నాకు భాప్‌కీ బాప్‌కీ తేడా తెలియదా? మొదటి రోజు నిజంగానే తప్పు చదివాను. ఆయన అరుగు మీదికి పోయాక మళ్ళీ చదివితే తెలిసింది. నాలుక కరుచుకుని, లోపలికి రండి అని పిలవబోయి గుమ్మంలో ఆగిపోయాను. ఆయన మొహం మీద ఎండ పడుతోంది. ఆ మొహం మీద ఎండని చూసి ఎన్నాళ్ళయిందో! ఎవరిదో మేక అరుగెక్కబోతే “హే, పో” అన్నారు. ఆ ఒక్క అదిలింపుకి నాకు ఏడుపొచ్చింది.

డాక్టరు నడవమంటే కదల్లేదు. ఉమామహేశ్ ఫోన్లో బతిమాలితే కదల్లేదు. నేను అలిగి అన్నం మానేస్తే, తనూ మానేశారు గానీ కదల్లేదు. అట్లాంటి మనిషి కాగితంలో రాసి ఉందంటే లేచారు. ఇంక నేను తెలివితక్కువదాన్ని అనిపించుకుంటే ఏం పోయిందే? నువ్వు ఎంత సరిదిద్దితే నేను అంత మొద్దునయ్యాను. నీకు ముందే చెబుదామంటే, నీ నోట్లో నువ్వుగింజ నానదు. నీ కంగారు చూసి నాకూ బాధేసింది. అత్తని తిట్టుకో, కానీ ఆయన్ని మళ్ళీ ఆ మంచం మీద కూర్చోబెట్టకు.

ఈ ఉత్తరం మాత్రం మామయ్య చేతికి ఇవ్వడం లేదు. ఆయన ఏటికి పోయిన వేళ చూసి లచ్చుని ఇంటికి పిలిపించి ఇస్తున్నాను.

ఇట్లు,
నీ మొద్దు అత్తయ్య.

తా.క.: అమ్మా కిరణ్మయీ, దస్తూరీ మారిందని కంగారుపడకు, నేను మామయ్యని. ఈ కవరు మీ అత్తయ్య లచ్చుకి రహస్యంగా ఇచ్చింది. లచ్చు నాకు రహస్యంగా ఇచ్చాడు. మొదటిది తప్ప ఇంతకుముందు కవర్లన్నీ నేను అంటించినవే. బస్టాండుకి పోవడం మొదలయ్యాక నీ ఉత్తరాలూ బస్సు దగ్గర నేనే తీసుకుని, చదివి, మళ్ళీ అంటించి ఇచ్చాను. ఆ రోజు దుప్పటి కింద దగ్గు కాదు. నవ్వు.

దుకాణం పద్దులన్నీ హిందీలో రాసినవాణ్ణి, భాప్ చదవలేనా? మొదటి రోజే చదివాను. చెబుదామని నోరు తెరవబోయి, కాసేపు బయట కూర్చోమందిగా అని ఆగాను. నాకూ ఎన్నాళ్ళనుంచో బయటికి పోవాలనే ఉండేది. కానీ గడప దాటితే ఊరంతా “సేఠ్, దుకాణం ఎందుకు మూసినవ్?” అని అడుగుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అడుగుతారనే సిగ్గుతో ఫ్యాన్ చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు ఎవరు ఏం అడిగినా “ఇంట్ల మూత తీస్తున్రు” అంటున్నాను. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఇంకో ప్రశ్న రావడం లేదు.

మీ అత్తయ్య నా కోసం మొద్దులా నటిస్తోందని సీటీ ఉత్తరం నాడే పోల్చుకున్నాను. అంత తెలివైనది అంత తెలివితక్కువగా రాయాలంటే ఎంత కష్టపడి ఉంటుందో! నాకు తెలుసని ఆమెకి చెప్పకు.

ఒక్క సాయం చేసిపెట్టు. అవతలి ఒడ్డున బండ మీద కూర్చుంటే, డాబా మీద పసుపుచీర గాలికి లేచి నన్ను పిలుస్తుంది. బాగుంటుంది గానీ, బండ మీద ఇంకొకరికి చోటుంది. ఆ చీర కట్టుకునే మనిషి దాన్ని ఆరేసి అక్కడే ఉండిపోతోంది. నేను రమ్మంటే పొయ్యి మీద పాలున్నాయి అంటుంది. నువ్వు ఆదివారం వచ్చేటప్పుడు కంపెనీ నుంచి కొత్త కాగితం వచ్చిందని చెప్పి ఒకటి తీసుకురా. మూత తీసే ముందు బాప్‌తో పాటు ‘మా’ కూడా, అంటే తల్లి కూడా, బయటికి వెళ్ళాలని అందులో రాయి. కాస్త ఒత్తి రాయి.